ఎంత వచ్చింది?



బడినుండి వచ్చిన పిల్లవాడు చెప్పులు విడువకముందే, సంచి దింపకముందే, మన తెలుగు ఇండ్లలో వానికి ఎదురువచ్చు ప్రశ్న ఒకటి ఉన్నది. "ఎంత వచ్చింది?" అన్నంత మాత్రమే. దేనిలో అని అడుగువారు చెప్పరు, వినువానికి చెప్పనక్కరలేదు. 34 సంవత్సరములు గోదావరి జిల్లాలలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న నేను ఈ ప్రశ్నను ఎన్ని వేలమార్లు విని, ఎన్ని వేలమార్లు అడిగి ఉందునో, లెక్కల మాస్టరునై యుండియు లెక్క కట్టలేను. అదే ప్రశ్న, అవే రెండు మాటలలో, అదే కంఠస్వరముతో, మార్కులను గూర్చి కాక, ఒక పసిపిల్ల వ్రేలికొసనుండి పిండిన రక్తబిందువును గూర్చి దినమునకు నాలుగైదుమార్లు మా యింట వినవచ్చుట మొదలైన పిమ్మటగాని, ఆ రెండు మాటలలో ఎంతటి కాఠిన్యము దాగియున్నదో నాకు తెలిసిరాలేదు.

మా మనుమరాలికి తొమ్మిదవ యేట మధుమేహము వచ్చినది. ఆ యేడు వేసవి సెలవులలో పిల్ల చెంబులు చెంబులు నీళ్లు త్రాగుచుండెను. ఎండలు గదా అనుకొంటిమి. రాత్రి నాలుగుమార్లు లేచుచుండెను. అన్ని నీళ్లు త్రాగినది గదా అనుకొంటిమి. చిక్కిపోవుచుండెను, పొడవు సాగుచున్నది గదా అనుకొంటిమి. ప్రతి లక్షణమునకు ఇంటిలో ఒక సమాధానము సిద్ధముగా ఉండుటచేత వైద్యుని యొద్దకు పోవలెనని ఎవరికిని తోచలేదు. తుదకు ఒకనాడు వాంతులు పట్టుకొని, ఊపిరి లోతుగా, వేగముగా ఆడుచు, నోటినుండి మాగిన పండువాసన వచ్చుచుండగా, పిల్లను ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తితిమి. రక్తములో చక్కెర 500 దాటియుండెను.

ఇది నావంటి వృద్ధులకు వచ్చు షుగరు కాదని అప్పుడే తెలిసినది. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, క్లోమమునందు ఇన్సులినును తయారుచేయు కణములను శత్రువులని భ్రమించి నాశనము చేయుటవలన కలుగునది ఈ మొదటిరకపు మధుమేహము. మిఠాయిలు తినుటవలన రాదు. తల్లి పెంపకమువలన రాదు. దిష్టివలన అసలే రాదు. పుట్టుకతోనే వచ్చు మేహము వేరు, అపథ్యమువలన వచ్చు మేహము వేరు అని మన సుశ్రుతుడు ఏనాడో విభజించి, మొదటిరకపు రోగి కృశించియుండునని గుర్తించినాడు. ఆ కృశించిన రోగిని బ్రతికించు ఉపాయము మాత్రము 1921లో కెనడా దేశమున టొరంటో నగరములో బాంటింగు, బెస్టు అను ఇరువురు చేసిన ప్రయోగములవరకు ప్రపంచమునకు దొరకలేదు. 1922 జనవరిలో లెనర్డు థాంసన్ అను 14 ఏండ్ల బాలునికి మొదటి ఇంజక్షను ఇచ్చినారు. అది ఫలించలేదు. కాలిప్ అను రసాయనవేత్త మందును మరింత శుద్ధిచేసి ఇచ్చిన పిమ్మట, అదే నెలలో, ఆ బాలుడు తేరుకొనెను.

అంతకు పూర్వము వైద్యులు చేయగలిగినది పస్తు పెట్టుట. అమెరికాలో అలెన్ అను వైద్యుడు ఈ ఉపవాసచికిత్సకు ప్రసిద్ధుడు. పిల్లలను అస్థిపంజరములవలె మిగిల్చియైనను మరికొన్ని నెలలు, ఒకప్పుడు మరికొన్ని సంవత్సరములు బ్రతికించుట ఆయన సాధించిన విజయము. ఆయన వ్రాసిపెట్టిన రోగుల చరిత్రలలో 12 ఏండ్ల బాలుడొకడు ఉన్నాడు. ఈ రోగమువలననే చూపు కూడ పోయినవాడు. ఆసుపత్రిలో కట్టుదిట్టముగా పథ్యము పెట్టినను వాని మూత్రములో చక్కెర కనబడుచునే ఉండెను. ఎంత అడిగినను, ఏమియు తినలేదనియే వాడు చెప్పుచుండెను. బహుకాలము బుకాయించిన పిమ్మట తుదకు ఒప్పుకొనెను: ఆకలికి తాళలేక పండ్లు తోముకొను టూత్‌పేస్టు తినెనట, పంజరములోని పక్షికి వేయు గింజలు తినెనట. ఈ కథ చదివిననాడు నేను పుస్తకము మూసి చాలసేపు వసారాలో కూర్చుంటిని. పిల్లలు దాచుట ఈనాడు క్రొత్తగా పుట్టిన దుర్గుణమని చెప్పువారికి ఈ బాలుని చూపవలెను. చికిత్స ఎంత పాతదో దాపరికమును అంత పాతది.

ఇన్సులిన్ వచ్చినది. ఆకలి పోయినది. లెక్క మాత్రము మిగిలినది.

నా చిన్ననాట ఆ లెక్క అంకెలలో కాక రంగులలో ఉండెడిది. మా వీధిలోని ప్లీడరుగారు ప్రతి ఉదయము బెనెడిక్టు ద్రావణమును గాజునాళికలో పోసి, ఎనిమిది చుక్కల మూత్రము కలిపి, స్పిరిటుదీపముపై కాచెడివారు. నీలముగా నిలిచినచో ఆ దినము ఇంటిల్లపాదికి పండుగ. ఆకుపచ్చకు, పసుపునకు తిరిగినచో ఇల్లాలికి చీవాట్లు. ఇటుకరంగు వచ్చిననాడు గుమాస్తా కూడ ఆ గుమ్మము త్రొక్కెడివాడు కాడు. ఇప్పుడు గ్లూకోమీటరు వచ్చి, ఐదు క్షణములలో అంకె తేల్చి చెప్పుచున్నది. రంగులో కొంత సందేహమునకు తావుండెను, సందేహములో కొంత దయ ఉండెను. అంకెకు దయ లేదు.

మా పిల్లకు 12వ యేడు వచ్చువరకు, వచ్చిన అంకెలను ఒక పుస్తకములో వ్రాయుట తల్లి పని. ఏడవ తరగతికి వచ్చినది, తెలివైన పిల్ల, ఇక తన పని తాను చేసుకోవలెనని మేమందరము నిశ్చయించి, సూదియు, స్ట్రిప్పులును, పుస్తకమును ఆమె చేతికి అప్పగించి, బరువు దించుకొన్నంత నెమ్మది పొందితిమి. ఆ తరువాతి మూడు నెలల పుస్తకము ముత్యాలకోవవలె ఉండెను. 110, 120, 115, 125, మరల 120. నా కొడుకు మురిసినాడు. నేను మాత్రము ఆ పుటను చూచినంతనే అనుమానించితిని. నిజమైన సంఖ్యలకు ఒక అల్లరితనము ఉండును. అవి వరుసలో నిలువవు. వానిలో 97 ప్రక్కన 263 వచ్చి కూర్చుండును. ఐదుతోను సున్నతోను అంతమగు సంఖ్యలు ఇంత బుద్ధిగా చేతులు కట్టుకొని వరుసగా నిలిచినవనగా, అవి రక్తమునుండి వచ్చినవి కావు, తలనుండి వచ్చినవి.

అంతలో ఆసుపత్రిలో హెచ్‌బిఎ1సి చూచినారు. రక్తములోని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించును; ఆ కాలమంతయు దానికి అంటుకొన్న చక్కెర గడచిన రెండు మూడు నెలల సగటును చెప్పివేయును. మా పుస్తకపు సగటు 120. అది నిజమైనచో ఈ పరీక్షలో ఆరుశాతమునకు లోపుగా రావలెను. వచ్చినది 10. అనగా అసలు సగటు దాదాపు 240. వైద్యుడు పుస్తకము వంక, పిల్ల వంక చూచి, నలుగురిలో, పెద్దగొంతుతో, "అబద్ధాలాడితే కళ్లు పోతాయి" అన్నాడు. ఆయనపై నాకు కోపము వచ్చినది. అయితే ఇంటికి వచ్చి నేను చేసినది మాత్రమేమి? పుస్తకము ముందర పెట్టుకొని, దొంగలెక్కను నేనెట్లు పట్టితినో సోదాహరణముగా, నల్లబల్ల యొద్ద నిలిచినట్లే, ఆ పిల్లకు వివరించితిని. అందులో ప్రేమ ఎంత ఉండెనో చెప్పలేను, పాండిత్యప్రదర్శనము మాత్రము పుష్కలముగా ఉండెను.

ఫలితము వినుడు. మరుసటి నెల పుస్తకములో 183, 97, 141, 206 అని సంఖ్యలు ఎంతో సహజముగా, అల్లరిగా ఉండెను. అవియు అబద్ధములే. మీటరు జ్ఞాపకములో చూడగా ఆ దినములలో సగమునకు పైగా వ్రేలు గ్రుచ్చుకొననేలేదు. నా గురుత్వమువలన ఆమె నేర్చుకొన్నది నిజము చెప్పుట కాదు, అబద్ధమును అందముగా చెప్పుట.

మీటరు జ్ఞాపకమును మేము చూచుచున్నామని తెలిసినచో పిల్లలు దానికిని ఉపాయము వెదకుదురు. రక్తపుచుక్కకు నీరు తగిలించుదురు, యంత్రము సరిగా పనిచేయుచున్నదో లేదో సరిచూచుటకు ఇచ్చు చక్కెరద్రవమును స్ట్రిప్పునకు అంటింతురు, స్నేహితురాలి వ్రేలు అరువడుగుదురు, బ్యాటరీ అయిపోయినదందురు. ఈ తెలివితేటలను ఏకరువు పెట్టుచున్నది తలిదండ్రులను పోలీసులను చేయుటకు కాదు. ఇంత పూనికతో, ఇంత శ్రమపడి, తనకే హాని యగు పనిని ఒక పిల్ల చేయుచున్నదనినచో, ఆమె తప్పించుకొనుచున్నది దేనినుండి యని మనము అడుగవలసియున్నది.

అడిగినది నా కోడలు. ఒకనాటి రాత్రి పిల్ల జడ విప్పి దువ్వుచు, పుస్తకము మాట ఎత్తకయే, "అంకె చెప్పేటప్పుడు నీకేమనిపిస్తుందమ్మా?" అన్నది. చాలసేపటికి పిల్ల చెప్పిన సమాధానమును నేను ప్రక్కగదినుండి వింటిని. "మూడొందలంటే నాన్న అన్నం సగంలో లేచిపోతాడు. మామ్మ దేవుడిగదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. తాతయ్య నిన్నేం తిన్నావు, మొన్నేం తిన్నావు అని మొదలెడతాడు. నూట ఇరవై అంటే అందరూ భోంచేస్తారు."

ఆ పిల్ల మాకు అన్నము పెట్టుచుండెను. ఆమె వ్రాసిన ప్రతి అబద్ధపు సంఖ్యయు మా విస్తళ్లలో వడ్డించిన ఒక కబళము.

అయినను ఆ మూడువందలకు ఆమె ఎంతవరకు కారణమో విచారింపవలెను. చక్కెరను హెచ్చించునది అన్నమొక్కటే కాదు. జ్వరము హెచ్చించును, బడిలో పరీక్షల భయము హెచ్చించును, తెల్లవారుజామున శరీరము తనంతట తానే కొన్ని గ్రంథిరసములను విడిచి హెచ్చించును, పన్నెండు పదునాలుగేండ్ల ప్రాయమున ఎదుగుదల కొరకు ఊరు రసములు ఇన్సులిన్ శక్తిని కొంత తినివేయును, ఒకేచోట పదేపదే సూది గ్రుచ్చగా చర్మము గడ్డకట్టి మందు లోనికి సరిగా ఇంకదు, మా గోదావరి వేసవిలో కరెంటు పోయి మందు వేడెక్కినచో అది శక్తిహీనమై, నీళ్లవలె తేటగా ఉన్నను నీళ్లకన్న ఎక్కువ పనిచేయదు. ఇన్ని చేతులు పట్టి లాగుచున్న త్రాసులో ఒక్క పిల్ల చేతినే చూచి, "నీవలననే" అనుట గణితశాస్త్రరీత్యా కూడ తప్పు.

మరియొక మాట చెప్పవలెను. ఇది కొందరికి కష్టముగా ఉండవచ్చును. పిల్లకు దాచుట నేర్పినవారము మేమే. రోగము వచ్చిన మొదటి నెలలోనే, "బడిలో ఎవరితోను అనకు" అని చెప్పినది మేము. చుట్టములు వచ్చినప్పుడు ఇన్సులిన్ పెట్టెను ఫ్రిజ్జులో కూరగాయల క్రిందికి నెట్టినది మేము. పేరంటమునకు పోయినప్పుడు స్నానాలగదిలో తలుపు వేసికొని సూది వేసికొమ్మన్నది మేము. ఎందులకు? ఆడపిల్ల, రేపు పెండ్లి కావలెను. పదేండ్ల పిల్లకు రానున్న పెండ్లిని తలచి, ఆమె నిత్యము చేసికొను ప్రాణరక్షణమును రహస్యకార్యము చేసితిమి. ఊరందరికి దాచమని ఆజ్ఞాపించి, మాకు మాత్రము దాచరాదనుట ఏమి ధర్మము? అంతటి సూక్ష్మమైన తారతమ్యము పెద్దలకే కుదరదు.

ఎలిజబెత్ హ్యూస్ అను అమెరికా బాలిక కథ నాకీ సందర్భమున జ్ఞప్తికి వచ్చును. తండ్రి ఆ దేశపు విదేశాంగమంత్రి. 11 ఏండ్ల ప్రాయమున రోగము వచ్చి, అలెన్ ఉపవాసచికిత్సలో మూడేండ్లు గడపి, ఎముకలగూడై, 1922 ఆగస్టులో టొరంటో చేరి, బాంటింగు చేతిమీదుగా ఇన్సులిన్ పొంది బ్రతికినది. చదివినది, పెండ్లాడినది, పిల్లలను కన్నది, 1981 వరకు జీవించినది. అయితే జీవితమంతయు తన రోగమును దాచినది. ఇన్సులిన్ చరిత్రలో అంతటి ప్రఖ్యాతమైన రోగి తన ప్రఖ్యాతిని తానే చెరిపివేసికొనినది. ధనము, విద్య, ఉత్తమవైద్యము, అన్నియు ఉన్న స్త్రీకే ఆ ముసుగు తీయుటకు మనసు రాలేదనినచో, బడిలో పిల్లలు "షుగరు" అని మారుపేరు పెట్టి పిలుచు మన పిల్ల సంగతి చెప్పవలెనా?

పిదప మేమేమి చేసితిమో చెప్పెదను. ఇందులో గొప్ప ఏమియు లేదు. బోస్టను నగరమున జోస్లిన్ పేరిటి చికిత్సాలయములో బార్బరా యాండర్సన్ అను మనస్తత్త్వవేత్త, ఆమె సహచరులు 1990 ప్రాంతమునుండి చెప్పుచు వచ్చినదే ఇది. ఎదుగుచున్న పిల్లల చేతికి పని అంతయు ఒక్కసారిగా అప్పగింపక, తలిదండ్రులు వారితో పంచుకొని చేయవలెననియు, రక్తము చూచుటను "టెస్టు" అనరాదనియు వారందురు. టెస్టు అనగా నెగ్గుట ఓడుట ఉండును గదా. మన భాషలో ఈ చిక్కు ఇంకను గట్టిది. పరీక్ష అన్న మాట ఒక్కటే బడికిని ఆసుపత్రికిని మనకు ఉన్నది. కనుక మా యింట ఆ మాట మానితిమి. "చూశావా?" అందుము. చూచుట మాత్రమే ఆమె పని. వచ్చిన దానికి ఎవరును మెచ్చుకొనరు, ఎవరును కోపపడరు. 120 వచ్చిననాడు చప్పట్లు కొట్టుట మానుట, 300 వచ్చిననాడు కోపపడుట మానుటకన్న కష్టమైనది. కాని చప్పట్లు ఉన్నచోట చప్పట్లు లేకపోవుటయే దండన యగును.

పాత పుస్తకమును గూర్చి ఎవరును ఒక్క ప్రశ్న వేయరాదని ఒడంబడిక. క్రొత్త పుస్తకములో ఖాళీగడి ఉండవచ్చును, దొంగసంఖ్య ఉండరాదు. ఖాళీగడి వైద్యునికి ఏమియు చెప్పదు గనుక హానిలేదు. దొంగసంఖ్య అట్లు కాదు. దానిని నమ్మి మందు మోతాదు నిర్ణయింతురు. తక్కువ మందు పడినచో చక్కెర పెరిగి ప్రాణము మీదికి తెచ్చును. పిల్ల ఇంజక్షనులు కూడ ఎగవేయుచున్న సంగతి తెలియక మోతాదు పెంచినచో, ఏదో ఒకనాడు పెద్దల కన్నులయెదుట ఆ మోతాదంతయు పడి చక్కెర పాతాళమునకు దిగును. రాత్రి చూచుట, ఇన్సులిన్ కొలుచుట మరల తల్లి చేతికి వచ్చినవి. అది శిక్షగా కాదు. "ఇన్నాళ్లు నీ ఒక్కదాని మీద వేశాం, తప్పు మాది" అని కోడలు చెప్పినది. చెప్పవలసిన విధము అదియే. పిల్ల కాదనలేదు, వెంటనే నిద్రపోయినది.

70కి దిగిన అంకెను కూడ దాచు పిల్లలున్నారు, ఆట మధ్యలో లేపివేయుదురని. అందుచేత మా పిల్ల పాఠశాలకు పోయి పంతులమ్మతో మాటలాడితిని: చెమటలు పట్టి, చేతులు వణికి, పొంతనలేని మాటలు వచ్చినచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెననియు, 15 నిమిషములకు మరల చూడవలెననియు, స్పృహ లేని పిల్ల నోట మాత్రము ఏమియు పోయరాదనియు. పుస్తకము మంచి అంకెలు చెప్పుచున్నను, పిల్ల వాంతులు చేసికొనుచు, కడుపునొప్పియని మెలితిరుగుచు, లోతుగా రొప్పుచున్నచో పుస్తకమును నమ్మవలదు, ఆసుపత్రికి పొండు. దాచుటతోపాటు పిల్ల ముభావమై, తిండి మాని, ఇంజక్షనులు వలదని చిక్కిపోవుచున్నచో అది మందలింపులతో తీరునది కాదు. ఆ సంగతిని వైద్యునితో విడిగా చెప్పి, మనసు వైద్యము తెలిసినవారి సాయము కోరవలెను.

ఇక నా సంగతి. నాకును పదునెనిమిదేండ్లుగా షుగరు ఉన్నది, ఆ రెండవరకము. రక్తము ఇచ్చుటకు మూడు దినములు ముందునుండి రాత్రి పుల్కాలు తిని, ఉదయము రెండు మైళ్లు నడచి, రిపోర్టు చేతికి రాగానే దారిలో ఆగి పూతరేకు కొనుక్కొను మహనీయులలో నేనొకడను. నావలె చేయువారు ఈ ప్రసంగము వినుచున్న ఇండ్లలో తక్కువమంది ఉండరు. దీనిని మనము పథ్యమనుకొందుము. పిల్ల చేసినచో అబద్ధమందుము. ఒకనాడు మనుమరాలు, నేను చూశావా అని అడుగగనే, "నువ్వు చూశావా తాతయ్యా?" అన్నది. తెల్లబోయితిని. ఆనాటినుండి ఒకే పుస్తకములో ఎడమపుట ఆమెది, కుడిపుట నాది. ఒకరిది ఒకరు వ్రాయవలెను. అంకె ప్రక్కన కారణము తెలిసినచో వ్రాయవలెను, తెలియనిచో ఒక ప్రశ్నార్థకము పెట్టవలెను. ఆమె పుటలో ప్రశ్నార్థకములు విస్తారముగా ఉన్నవి. వానిని చూచియే వైద్యుడు, ఈయన మునుపటివాడు కాక వేరొక వైద్యుడు, తెల్లవారుజాము మోతాదును సవరించినాడు. హెచ్‌బిఎ1సి పది నుండి ఎనిమిదిన్నరకు దిగినది. ఏడు కావలెనందురు. ఇంకను చాల దూరమున్నది.

గత వైశాఖమాసమున నూజివీడునుండి మిత్రుడొకడు బుట్టెడు రసాలు పంపినాడు. ఆ రాత్రి పడుకొనబోవు ముందు ఆమెది 312. "పెళ్లిభోజనం, జాంగ్రీ ఒకటి, ఇన్సులిన్ ఆలస్యం" అని ఆమె చెప్పగా నేను వ్రాసితిని. తల్లి వచ్చి సరిదిద్దవలసిన మోతాదు ఇచ్చి వెళ్లినది. ఎవరి ముఖమును మారలేదు. నాది 241. ఆమె కలము పట్టుకొని నా వంక చూచినది. "ప్రశ్నార్థకం పెట్టమ్మా" అంటిని. పిల్ల పెరటి తలుపు తీసి చెత్తబుట్టలోనికి తొంగిచూచి వచ్చి కూర్చుండి, "చిన్నరసం, ఒకటి" అని వ్రాసినది. ఆపై మరల నా ముఖమును కొంతసేపు పరిశీలించి, ఒకటి కొట్టివేసి, రెండు చేసినది.